దీవెన మధ్యలో లేవకూడదు

కొండల నడుమ నరిన్ అనే ఊళ్లో కెంజెబెక్, బళ్లో కంప్యూటర్ పాఠాలు చెప్పే పంతులు. ఊరివాళ్ల కోసం ఓ సోషల్ నెట్‌వర్క్ పెట్టి, దాని సర్వర్‌ని ఇంట్లోనే, కిటికీ పక్కన నడుపుతున్నాడు. కొండమీది గొర్రెల కాపర్లూ, బజారువాళ్లూ అందులోనే కబుర్లాడుకుంటారు. దాన్ని అప్‌డేట్ చేయడం మాత్రం ఏళ్లుగా వాయిదా వేస్తున్నాడు. బద్ధకానికి సాకులకేం తక్కువ!

ఆ ఆదివారం ఎట్టకేలకు నడుం కట్టాడు. ముందుగా వేరే డిస్కులోకి నకలు తీయాలని తెలుసు, ఏమవుతుందిలే అని తీయలేదు. చోటు చాలకపోతే బయటి సర్వర్ల నుంచి వచ్చి పడిన పాత ఫైళ్లని చెరిపేయమని తనే ఓ ఆదేశం రాసి, పని మొదలుపెట్టాడు.

అంతలో బాయ్‌మిర్జా తాత వచ్చాడు. కెంజెబెక్ భార్య రహత్ టీ పోసి, నూనెలో వేయించిన వేడి పిండి బోర్సోక్‌లు ముందు పెట్టింది.

"ఏరా పంతులూ, నీ పెట్టెకి వైద్యం చేస్తున్నావటగా?"

"అవును తాతా. ఇకమీదట గుర్రంలా పరిగెడుతుంది."

"గుర్రం ఊసెత్తకు! నా ఫోన్ని తొక్కి పిండి చేసింది అదే. మా ముసల్ది బూరుల్ పాటలు ఇప్పుడు నీ పెట్టెలో తప్ప ఎక్కడా లేవు. పోయేముందు పాడి పెట్టింది, పిచ్చిది."

టీ అయ్యాక తాత అరచేతులు చాచాడు. "మంచి పని తలపెట్టావు. దీవించకుండా పోతానా?"

అందరూ చేతులు చాచారు. అప్పుడు చూశాడు కెంజెబెక్ తెర వైపు. చోటు చాలలేదు, చెరపడం మొదలైంది. వరసగా జారిపోతున్నవి బయటి ఫైళ్లు కావు, ఊరివాళ్లవి. ఆదేశంలో తప్పు ఫోల్డర్ చూపించాడు తను! లేచి ఒక్క మీట నొక్కితే ఆగిపోతుంది.

కానీ పెద్దాయన దీవిస్తుంటే లేచినవాడు ఆ ఊళ్లో ఇంతవరకూ లేడు. కెంజెబెక్ మోకాలు కదిపాడు. రహత్ కళ్లెర్రజేసింది.

"తాతా, ఒక్క..."

"నోర్మూసుకో!" అంది రహత్, గొంతు తగ్గించి. "దీవెనకి అడ్డొస్తావా?"

తాతకి అసలే దీవెనంటే ఎక్కడలేని తీరిక. మందలతో మొదలెట్టి, కోడళ్ల మీదుగా, మెల్లగా సర్వర్ దగ్గరికొచ్చాడు. "ఈ పెట్టెలో దాచింది చెదరకుండుగాక. మా ముసల్దాని గొంతు నా మునిమనవలు కూడా విందురుగాక." కెంజెబెక్‌కి ఏడుపొచ్చింది. అది చూసి తాత మరింత కరిగిపోయి, మళ్లీ మొదటినుంచీ ఎత్తుకున్నాడు.

"ఓమిన్!" అని చివరికి దీవెన ముగించాడు.

ఆనవాయితీగా అందరూ అరచేతులతో మొహాలు తుడుచుకున్నారు. తెర మీద జారడానికి ఇంకేమీ మిగల్లేదు.

"ఏదీ నాయనా, ఇప్పుడొక్క పాట పెట్టు," అన్నాడు తాత, చెవి ముందుకు వంచి. "మెల్లగా పాడిందే, అది."

కెంజెబెక్ మొహం మీంచి చేతులు తీయలేకపోయాడు.