రుక్కి చిట్టీ

సకల జనుల సమ్మెకు బస్సులు ఆగిపోయి కేసముద్రంలో మా దవాఖాన బోసిపోయింది. ఇదే అదను అన్నాడు డాక్టర్ సారు. ఇరవై ఏళ్ల పాత రోగుల చిట్టీలన్నీ నెలాఖరుకల్లా కంప్యూటర్లోకి ఎక్కాలి, లేదంటే బీమా కేసులు మాకు రావు. ఎక్కించే పని నాది. రోజుకు యాభై చిట్టీలు కొడుతూ, నా అంత పనిమంతురాలు జిల్లాలోనే లేదని మురిసిపోయాను.

మొట్టమొదట మా అమ్మ లక్ష్మీనర్సమ్మ చిట్టీ కొట్టాను. అందులో మూర్ఛ అని ఉంది. ఇంటికెళ్లి అడిగితే, తనకెప్పుడూ రాలేదని ఒట్టు పెట్టుకుంది. దాస్తోందని రెండు రోజులు మాట్లాడలేదు.

ఊడ్చే లచ్చవ్వ తండా మనిషి, అక్షరం రాదు. అయినా నా పక్కన నిలబడి "గిది ఎవరిది బిడ్డా?" అంటుండేది.

"పేరు రాసే ఉన్నది గదా అవ్వా. జర పని చేసుకోనియ్యి" అని కసిరేదాన్ని.

రుక్కి అనే తండా ఆమె చిట్టీ మీద ఎర్ర సిరాతో 'పెన్సిలిన్ ఇవ్వొద్దు' అని ఉంది. రుక్కి పేరు కిందే ఎక్కించాను.

మర్నాడు రుక్కి తోడికోడలు సక్రి వచ్చింది. కొడవలి కోసుకుని పాదం వాచిపోయింది. పాతవేమన్నా ఉన్నాయా అని సారు అడిగాడు. సక్రి పేరు కొట్టి చూసి, ఏమీ లేదన్నాను. సూదులు పడకపోవడం ఉందా అంటే సక్రి లేదని తల ఊపింది. సారు పెన్సిలిన్ పొడి సీసాలో నీళ్లు కలిపాడు.

"సారూ, గా పొడి సూది సక్రికి వద్దు" అంది లచ్చవ్వ, చీపురు పక్కన పెట్టి.

"అది పడనిది రుక్కికి గదా" అన్నాను.

"చిట్టీ రుక్కిది. ఆ దినం సూది ఏసుకున్నది సక్రి. గీ బెంచీ మీదనే పడిపోయింది. చంటిదాన్ని నేనే ఎత్తుకున్న."

సారు చెయ్యి ఆగిపోయింది. సక్రి తల వంచుకుంది.

"నీరసానికి పడ్డననుకున్న సారూ. చిట్టీ ఇంటికొక్కటే గదా, రేషన్ కార్డు లెక్క."

తప్పు చిట్టీది కావచ్చు, ఏమీ లేదని ధీమాగా చెప్పింది నేను.

సాయంత్రం చిట్టీల డబ్బాలన్నీ లచ్చవ్వ ముందు దించాను. నేను నెల, జబ్బు చదువుతుంటే అది ఎవరిదో ఆమె చెప్పింది. రుక్కి చిట్టీలోంచే నలుగురు బయటికొచ్చారు: దగ్గు రుక్కిది, మోకాళ్లు అత్తవి, జ్వరం పిల్లది, సూది సక్రిది. ఇరవై ఏళ్లు గుమ్మం దగ్గర నిలబడి ఒక్క ముఖాన్నీ మరవలేదు.

"ఇట్ల తండా చిట్టీలే ఉంటయా అవ్వా?" అన్నాను.

"అందరియీ గంతే. మీ అమ్మది దియ్యి."

తీశాను.

"గా మూర్ఛ మీ అమ్మకు గాదు బిడ్డా. నీకు. రెండేండ్లు ఉంటయేమో. నోట్ల చెంచా పెట్టి నిన్ను పట్టుకున్నది నేనే."

ఆమె చేతుల వైపు చూశాను. తర్వాత అమ్మ పేరు కింద మూర్ఛ చెరిపేసి, కొత్త చిట్టీ తెరిచి నా పేరు, రజిత అని కొట్టాను.