మగ్గాలు ఆగిన వీధి

మా వీధిలో ఎవరైనా పోతే శవం లేచేదాకా మగ్గం ఆడకూడదు. ధర్మవరంలో మిగతా వీధుల సంగతి నాకు తెలీదు, మాకు మాత్రం అంతే. ఓబుళప్ప తాత పోయిన రోజు పొద్దున్నే నలభై ఇళ్ళ మగ్గాలూ ఆగిపోయాయి.

నాకెంత హాయిగా అనిపించిందో చెప్తే తిడతారు. పుట్టినప్పటినుంచీ చెవుల్లో ఆ టకటకే. సోమవారం నేను హిందూపురం పోయి నర్సింగ్ హాస్టల్లో చేరాలి. ట్రంకు పెట్టె సర్దుకుంటూ, ఇకమీదట రోజూ ఇంత నిశ్శబ్దంలో నిద్రపోతాను కదా అని మురిసిపోయాను. ఆ మురిపెంలో తమ్ముణ్ణి మరిచిపోయాను.

తమ్ముడు సురేంద్ర. మేం సూరి అంటాం. పద్నాలుగేళ్ళు, మాటలు లేవు. డాక్టరు ఆటిజం అన్నాడు. అవ్వ గాలి సోకిందంది. వీధిలో వాళ్ళు ఏమన్నారో నేను చెప్పను, ఆ మాట అన్నందుకు బళ్ళో ఇద్దర్ని కొట్టాను కూడా. సూరికి కావలసింది ఒక్కటే, మా మగ్గం గుంజకు చెంప ఆనించి కూర్చోవడం. నేస్తున్నంతసేపూ గుంజ అదురుతుంది, వాడు కదలడు. మగ్గం ఆగితే లేస్తాడు. లేచి, ఇంకెక్కడ మగ్గం ఆడుతుంటే అక్కడికి పోతాడు. అందుకే నాయన అన్నానికి లేస్తే అమ్మ కూర్చుంటుంది, అమ్మ లేస్తే నేను. నా ఆటలూ నా పరీక్షలూ అన్నీ ఆ వంతుల మధ్యే గడిచాయి. ఒకసారి మగ్గం చప్పుడు ఫోన్లో రికార్డు చేసి వినిపించాను. ఒక్క క్షణం విని, ఫోను గోడకేసి కొట్టాడు.

ఆ రోజు నాయన సూరి వికలాంగుల సర్టిఫికెట్ పని మీద పెనుకొండ పోయాడు. పొద్దున్నుంచీ సూరిని పట్టుకుని కూర్చున్న అమ్మ, చావింటికి పోతూ చెప్పింది. "గడియ పెట్టుకోమ్మే. ఈ పొద్దు యాడా మగ్గాలాడవు, వాడు నిలవడు."

"సరేలే" అన్నాను. గడియ పెట్టలేదు.

పెట్టె మూత వేసి చూస్తే గుంజ దగ్గర ఎవరూ లేరు. తలుపు బార్లా తెరిచి ఉంది.

వీధిలోకి ఉరికాను. ఓబుళప్ప తాత ఇంటి ముందు జనం, పాడె కడుతున్నారు. సూరిని ఎవరూ చూడలేదు. అప్పుడు వినిపించింది, మా మగ్గాలు ఆడుతున్నప్పుడు ఏనాడూ వినిపించని చప్పుడు. రైలు కట్టకు అవతల మరమగ్గాల షెడ్డు, సన్నగా, ఆగకుండా.

"అమ్మా, సూరి కట్ట దిక్కు పోయుండాడు!"

అమ్మ అరుచుకుంటూ పరిగెత్తింది. ఆమె వెనకే నేనూ, సందు చివరిదాకా. అక్కడినుంచి కట్ట కనిపిస్తుంది. పట్టాల మధ్య నీలం చొక్కా, రెండు చేతులూ ఊపుకుంటూ. అమ్మ ఎంత ఉరికినా అందేటట్టు లేదు. పిలుద్దామంటే వాడు పేరుకు ఎన్నడూ తిరగలేదు. బెంగుళూరు రైలుకు వేళయింది. రైలు కూస్తే వాడు చెవులు మూసుకుని ఉన్నచోటే కూలబడతాడు. కూతకు ముందే వాణ్ణి తిప్పాలి.

నేను వెనక్కి పరిగెత్తాను. మగ్గం కింది గుంతలోకి కాళ్ళు దించి తొక్కుతూ, పోగును అటూ ఇటూ విసిరే నాడె తాడు లాగి, బలమంతా పెట్టి దెబ్బ వేశాను. చచ్చిన వీధిలో మా మగ్గం ఒక్కటే మోగింది.

క్షణంలో వాకిలి నిండా మనుషులు. ఓబుళప్ప తాత కొడుకు ఎర్రప్ప తడిబట్టలతోనే లోపలికొచ్చాడు.

"మా నాయన ఇంగా ఈడే ఉండాడు, మగ్గమాడిస్తాండావా? బుద్ధుండాదా నీకు?"

"లేదు మామా! ఉంటే గడియ పెట్టుకుందును!"

ఆపడానికి మగ్గం మీద చెయ్యి వేశాడు.

"చెయ్యి తీయి మామా. సూరి పట్టాల మీదుండాడు."

ఎర్రప్ప చెయ్యి తీశాడు. పట్టుపోగులు టప్పున తెగుతున్నాయి, నాయన పదిరోజుల కష్టం నా చేతుల్లోనే పాడవుతోంది. రైలు కూసింది. నేను ఆపలేదు. ఆపితే అమ్మ ఏడుపు వినిపిస్తుందేమోనని భయం. కళ్ళు మూసుకుని తొక్కుతూనే ఉన్నాను. ఈ పీడ నాకెందుకని ఎన్నిసార్లు అనుకున్నానో, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. దేవుడా, నేనన్నవేవీ పట్టించుకోవద్దు అని ఏడ్చాను.

గుంజకు ఏదో ఆనింది.

చెంప. కంకర గీరుకుని వాడి పాదాలు రక్తమోడుతున్నాయి. మొహంలో మాత్రం ఏమీ లేదు, రోజూలాగే ఉంది. వెనకాలే వచ్చిన అమ్మ గడపలో కూలబడింది.

"తనంతట తనే దిగొచ్చినాడు" అంది. తర్వాత ఎర్రప్ప వైపు చూసి, "ఇంగ ఆపమ్మే, వచ్చినాడు కదా" అంది నాతో.

కాలు ఎత్తాను. సూరి చెంప గుంజను వదిలింది. లేచి నిలబడి, కట్ట వైపు చూశాడు.

మళ్ళీ తొక్కాను. కూర్చున్నాడు.

ఎర్రప్ప తలవంచుకుని, చేత్తో జనాన్ని బయటికి పొమ్మన్నాడు. అమ్మ కొంగుతో సూరి పాదాలు తుడుస్తోంది. చూపు మాత్రం వాడి మీద లేదు, నా మీదా లేదు. మంచం పక్కన మూత వేసి ఉన్న ట్రంకు పెట్టెనే చూస్తోంది.