ఆ ఐదు సెకన్లు

“ఒరే సాయీ, దీపం పెడుతున్నాను. దాన్ని ఆ సూది ఆపమను.”

పార్వతీదేవిగారు ఈ మాట అనని సాయంత్రం కొంపల్లిలో మూడో అంతస్తులోని ఆ ఇంట్లో ఒక్కటీ లేదు. కుందుల్లో నూనె పోయడం, ఒత్తి ఎగదోయడం, ఈ మాట అనడం, మూడూ కలిపి ఆవిడకి ఒకే పని. సంధ్యవేళ ఇంటి ఆడది సూది పడితే లక్ష్మి నిలవదని తణుకులో వాళ్ళ అత్తగారు చెప్పారట. సరే, చెప్పారనుకుందాం. కానీ కోడలు నవ్యశ్రీ చేతిలో సూదేదీ? ఆమె ముందున్నది కంప్యూటరు! జాకెట్ల మీద మిషను కుట్టే పువ్వులూ నెమళ్ళూ ఆకాశంలోంచి ఊడిపడవు. ఏ కుట్టు ఎక్కడ మొదలవ్వాలో, ఎటు తిరగాలో, దారం ఎక్కడ తెగాలో ఎవరో ఒకరు నడుం పడిపోయేలా కూర్చుని కంప్యూటర్లో వెయ్యాలి. దాన్ని పంచింగ్ అంటారు. వేశాక సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడానికి తెర మీద ఒక బొమ్మ సూది టకటకా కుట్టి చూపిస్తుంది. ఒకనాటి సాయంత్రం ఆ బొమ్మ సూది అత్తగారి కంట పడింది. అంతే, ఇక తెర మీదైనా సూది సూదే.

మొదట్లో నవ్యశ్రీ నచ్చజెప్పబోయింది. “అత్తయ్యా, ఇది ఉత్త బొమ్మండీ.” “దేవుడి పటం కూడా బొమ్మే కదమ్మా, దండం పెట్టుకోవడం లేదూ?” అంది ఆవిడ. ఈ ప్రశ్నకి జవాబు చెప్పగలిగినవాళ్ళు ఇంకా పుట్టలేదు. ఆ తర్వాత “ఒక్క నిమిషం, దాచుకుని ఆపేస్తాను” అనేది. ఆ ఒక్క నిమిషం ఇంట్లో పెద్ద హాస్యం అయి కూర్చుంది. వేలువిడిచిన చుట్టాలొచ్చినా మొగుడు వెంకటసాయి దాన్ని అనుకరించి చూపించేవాడు. “మా ఆవిడ ఒక్క నిమిషంలో మీరు తణుకు వెళ్ళి రావచ్చు.” అందరూ నవ్వేవాళ్ళు. కాఫీలు అందిస్తూ నవ్యశ్రీ కూడా నవ్వేది, ఏం చేస్తుంది మరి?

ఆ తర్వాత అతను చెప్పడం కూడా మానేశాడు. ఆఫీసు నుంచి వచ్చి, ముఖం కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని ఆ గదిలోకి వచ్చేవాడు. కంప్యూటర్ పెట్టె బల్ల కింద ఉంటుంది. వంగడం కూడా ఎందుకని కాలి బొటనవేలు దాని బొత్తాం మీద ఆనించి నొక్కి పట్టేవాడు. ఐదు సెకన్లు. తెర నల్లబడిపోయేది. దసరాకి ఆ పెట్టెకే పసుపు కుంకుమ పెట్టి పూలు పెడుతుంది నవ్యశ్రీ. ఆ కుంకుమ మరక పక్కనే బొటనవేలు. ఎవరితో చెప్పుకుంటుంది? కొట్టాడా? తిట్టాడా? “దీపం పెట్టే వేళ కంప్యూటర్ ఆపమంటారు మా వాళ్ళు” అంటే, ఇదీ ఒక కష్టమేనా అంటారు పుట్టింటివాళ్ళు కూడా.

అతనికి తెలియక చేస్తే అదో దారి. వెంకటసాయి మేడ్చల్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో కంప్యూటర్ల విభాగానికి పెద్ద. రెండేళ్ళ క్రితం అక్కడి పనివాళ్ళు తొందరకొద్దీ మిషన్లని బొత్తాం నొక్కి ఆపేస్తున్నారని గోడకి అంటించడానికి ఒక నోటీసు కావాల్సి వచ్చింది. తెలుగులో రాయడం అతనికి రాదు. నవ్యశ్రీ చేతే రాయించాడు. అతను సోఫాలో కూర్చుని చెబుతుంటే ఆమె టైపు చేసింది. బలవంతంగా ఆపకండి. చేస్తున్న పని ముగియనివ్వండి. మధ్యలో ఆపితే అప్పటిదాకా చేసింది పోతుంది, ఒక్కోసారి పాతవి కూడా పాడవుతాయి. ఒకటి రెండుసార్లకి ఏమీ కానట్టే ఉంటుంది. అదే అలవాటైతే ఒకరోజు అసలు తెరుచుకోదు. ఆ చివరి వాక్యం దగ్గర ఆమె వేళ్ళు ఆగాయి. వెనక్కి తిరిగి మొగుడి ముఖంలోకి చూసింది. “ఏం, తప్పుందా?” అన్నాడతను అమాయకంగా. ఆ నోటీసుకి ఫ్యాక్టరీలో మంచి పేరొచ్చిందట. ఎవరు రాశారని అడిగితే నేనే అన్నాడట. అదీ అతనే సంబరంగా వచ్చి చెప్పాడు.

ఇంట్లో ఆమె తరఫున ఉన్నది పదకొండేళ్ళ కూతురు హర్షిత ఒక్కతే. నానమ్మ అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినబడితే చాలు, ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి, “అమ్మా, సేవ్!” అని అరిచేది. తండ్రి తువ్వాలుతో గుమ్మం దాటేలోగా నవ్యశ్రీ రెండు మీటలు నొక్కి పని దాచుకునేది. అదో ఆటలా సాగింది తల్లీకూతుళ్ళకి. ఆట అని వాళ్ళనుకున్నారు గానీ, ఆ పిల్ల రోజూ సాయంత్రం చెవులు రిక్కించుకుని బతుకుతోందని తల్లికి చాలా ఆలస్యంగా తెలిసింది.

ఈ మార్గశిరమాసంలో ఒక మంచి జరిగింది. కొంపల్లిలో కొత్తగా బొటిక్ తెరిచిన అశ్రిత అనే ఆవిడ నవ్యశ్రీ పని చూసి ఇంటికి వెతుక్కుంటూ వచ్చింది. ఇన్నేళ్ళూ నవ్యశ్రీ వేసినవన్నీ సూరారంలో ఎంబ్రాయిడరీ మిషన్ పెట్టుకున్న దుర్గమ్మ దగ్గరికి వెళ్ళేవి. ఊళ్ళో వాటి పేరు దుర్గమ్మ డిజైన్లు. అశ్రిత అలా కాదంది. “ఇరవై నాలుగు అంచులు కావాలండీ, ఎక్కడా లేనివి. ప్రతి జాకెట్టు లోపలా చిన్న చీటీ కుట్టిస్తాను. దాని మీద మీ పేరుంటుంది.” పేరు! పెళ్ళి శుభలేఖ తర్వాత నవ్యశ్రీ పేరు ఎవరూ ఎక్కడా అచ్చు వెయ్యలేదు. ఆ మాటకి మంచినీళ్ళు తెస్తానని లోపలికి వెళ్ళి రెండు నిమిషాలు వంటింట్లోనే నిలబడిపోయింది.

వంట అయ్యాక, పిల్ల బడికి వెళ్ళాక, అత్తగారు కునుకు తీసే వేళల్లో రెండు నెలలు వేసింది. శామీర్‌పేట చెరువు ఒడ్డున ఒకసారి చూసిన తుంగ, నీటికోళ్ళు, దేవరయాంజాల్ గుడి స్తంభాల మీది లతలు, ఏవీ పుస్తకాల్లోంచి తియ్యలేదు. వేసినవాటిని ఇంకో చోట కూడా దాచిపెట్టమని మొగుడిని మూడుసార్లు అడిగింది. “ఐటీవాణ్ణి ఇంట్లో పెట్టుకుని నీకు భయమేంటి? ఈ ఆదివారం చూస్తాలే.” ఎన్ని ఆదివారాలు పోయాయో! తనే ఒక పెన్‌డ్రైవ్ కొనుక్కోవచ్చు కదా అంటారేమో. కొంది. అందులో పార్వతీదేవిగారి భజనలు ఎక్కించి ఇచ్చాడతను.

సోమవారం ఇవ్వాలి. శనివారం సాయంత్రం ఆమె ఇరవై నాలుగింటినీ ఒక వరసలో పెట్టి, అన్నిటికీ ఒకే కొలత సరిచేస్తోంది. హర్షిత స్నేహితురాలి పుట్టినరోజు పిలుపుకి వెళ్ళింది. అగ్గిపుల్ల చప్పుడు నవ్యశ్రీకి వినబడలేదు. “దీపం పెడుతున్నాను” అన్న మాట వినబడేసరికి చివరి అంచు దగ్గర ఉంది. “ఏవండీ, ఇవాళొక్కరోజు. సోమవారం ఇవ్వాలి. కొలత మారుస్తున్నాను, ఇప్పుడు ఆపితే...” వాక్యం సగంలో ఉంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు.

మర్నాడు పెట్టె తెరుచుకోలేదు. నల్లటి తెర మీద తెల్లటి రెండు వరసలు వచ్చి ఆగిపోయింది. వెంకటసాయి వంగి, అవును ఆరోజు వంగాడు, అటూ ఇటూ ఏవో నొక్కి, “డిస్కు పోయినట్టుంది. పాతది కదా” అన్నాడు. పాతదట! నాలుగేళ్ళ క్రితం అతనే కొన్నాడు.

సోమవారం పొద్దున్నే డిస్కుని చేసంచిలో చీర మడతల మధ్య పెట్టుకుని మేడ్చల్ బస్సెక్కింది. అక్కడ పూజ అనే అమ్మాయి రిపేరు దుకాణం నడుపుతుంది. ఆమె మొగుడు ఫోన్లు బాగుచేస్తే తను డిస్కులు చూస్తుంది. పూజ దాన్ని తన కంప్యూటరుకి తగిలించి ఏవేవో నొక్కుతూ పోయింది. నవ్యశ్రీ ఆమె ముఖమే చూస్తూ కూర్చుంది. ఆస్పత్రి వరండాలో కూర్చున్నట్టే ఉంది.

“అక్కా, గిది మీ ఇంట్ల ఎవరు వాడుతరు?”

“నేనే.”

“మరి గిట్ల ఒత్తి ఆపుడేంది అక్కా? మంచిగ ఆపరాదా?”

“అప్పుడప్పుడూ... దీపం వేళకి తొందరగా...” అంది నవ్యశ్రీ. మొగుడి పరువు కాపాడే నోరు, ఇంకా కాపాడుతూనే ఉంది.

పూజ తెర ఇటు తిప్పింది. “అప్పుడప్పుడు కాదక్కా. డిస్కు తనకు తానే రాసుకుంటది, ఎన్నిసార్లు పని నడుమ గొంతు పిసికిండ్రో. సూడు. వెయ్యిన్నూట నలభై మూడుసార్లు.”

నవ్యశ్రీ ఆ అంకెని చూసింది. మళ్ళీ చూసింది. నాలుగేళ్ళలో ఆ గదిలో ఏం జరిగిందో ఎవరూ చూడలేదనుకుంది. తను కూడా లెక్కపెట్టలేదు. సర్దుకుంది, నవ్వేసింది, మర్నాడు మళ్ళీ మొదటినుంచి వేసుకుంది. బల్ల కింద ఆ ఇనప్పెట్టె మాత్రం ఒక్కటీ మర్చిపోకుండా రాసిపెట్టింది. ఎవరూ అడగకపోయినా రాసిపెట్టింది. దుకాణంలో జనం ఉన్నారని కూడా చూడకుండా ఏడ్చేసింది. పోయిన డిజైన్ల కోసమా అంటే, అవీ ఉన్నాయి గానీ, ఆ అంకె కోసం ఎక్కువ ఏడ్చింది.

“పరేషాన్ గాకు అక్కా” అంది పూజ, స్టూలు దగ్గరికి జరుపుకుని. “అబద్ధం జెప్పను, ఇగ ఏం రాదు. నేను మస్తు జూసిన. ఆఖరు ఆపినప్పుడు రాసుకుంట ఉండె, నడుమల తెగిపోయింది. పాతయి ఎవరికన్న ఇచ్చినవా?”

పాతవి దుర్గమ్మ మిషన్లో ఉన్నాయి. కుట్టడానికి పనికొస్తాయి గానీ మార్చడానికి కుదరదు. కొత్త ఇరవై నాలుగూ ఇల్లు దాటి బయటికి వెళ్ళలేదు. వాటిని వేసినావిడ కూడా వెళ్ళలేదు, అది వేరే సంగతి.

బస్టాండు నుంచే అశ్రితకి ఫోన్ చేసింది. ఆవిడ మర్యాదగానే మాట్లాడింది. ఉగాదికి దుకాణం నింపాలి, ఆగలేను, వేరేవాళ్ళని చూసుకుంటానంది. తప్పు పట్టడానికేముంది?

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం మూడు. వెంకటసాయి ఆ రోజు సెలవు పెట్టాడు, అమ్మని కళ్ళ డాక్టరుకి చూపించడానికి. “ఏమంది? వచ్చాయా?” అన్నాడు. “రాలేదు. ఇరవై నాలుగూ పోయాయి. ఆ అమ్మాయి డిస్కులో ఒక అంకె...” “ఎప్పటికప్పుడు సేవ్ చేసుకోవాలి కదా నవ్యా, ఆ మాత్రం తెలియకపోతే ఎలా? సర్లే, టీ పెట్టు. అమ్మకి తలనొప్పిగా ఉంది.” గుమ్మం పక్కన హర్షిత నిలబడి ఉంది, బడి సంచి ఇంకా భుజానే. “నేను పార్టీకి వెళ్ళకుండా ఉండాల్సింది కదమ్మా” అంది చిన్నగా.

ఆ మాట తగిలింది నవ్యశ్రీకి, బొటనవేలు తగలని చోట. ఇంట్లో పెద్దవాళ్ళు చేసిన దానికి ఈ పసిది తనని తాను తప్పు పట్టుకుంటోంది. కూతుర్ని దగ్గరికి తీసుకుని, “నీది కాదు తల్లీ. నీది ఎంతమాత్రం కాదు” అంది, హాల్లోకి వినబడేలా. టీ పెట్టింది. ముగ్గురికీ ఇచ్చింది. తన గ్లాసు తను కూర్చుని తాగింది. తర్వాత పాత డిజైన్ల కాగితాలు చేసంచిలో పెట్టుకుని చెప్పులేసుకుంది.

సూరారంలో దుర్గమ్మ మిషన్ గది సందు చివర. పక్కనే డిజైన్లు సరిచూసుకునే పాత కంప్యూటరు ఒకటి ఉంటుంది. “వారానికి ఐదు రోజులు, మూడున్నర నుంచి ఏడున్నర దాకా కూర్చుంటాను. నీ పని చేసిపెడతాను, నా పనీ చేసుకుంటాను. కానీ నావాటి మీద నా పేరుండాలి దుర్గమ్మా” అంది నవ్యశ్రీ. దుర్గమ్మ నోట్లోని దారం కొస తీసి నవ్వింది. “గిన్ని దినాలు నా పేరు మీద నడిచినయి. ఇగ నీ పేరు మీద నడవనియ్యి. కూసో బిడ్డ, ఛాయ్ తాగుతవా?”

కూర్చుంది. మొదటి నీటికోడి మెడ ఎటు వంచిందో గుర్తు రావడం లేదు. చెయ్యి మొదలుపెట్టి చెరిపేసింది. మళ్ళీ మొదలుపెట్టింది. ఆ పాత నీటికోడి ఇక రాదని మూడోసారికి అర్థమైంది. వేరేది వెయ్యాలి. బయట చీకట్లు ముసురుతున్నాయి. దుర్గమ్మ మిషను మీదే ఊదుబత్తి గుచ్చి దండం పెట్టింది. దాని కింద సూది ఆగకుండా కుడుతూనే ఉంది.

ఫోన్ మోగింది. “ఎక్కడున్నావు? అమ్మ దీపం పెడుతోంది.”

ఒక్క నిమిషం, అనబోయింది. ఆ మాట నాలుక చివరికొచ్చింది. మింగేసింది. “పని మధ్యలో ఉన్నానండీ. అయ్యాక వస్తాను.”

అవతల ఫోన్ ఎవరో లాక్కున్న చప్పుడు, హర్షిత ఊపిరి. “అమ్మా! సేవ్ చేశావా?”

“ఇక్కడ ఎవరూ ఆపరమ్మా” అంది నవ్యశ్రీ.

అని, ఫోన్ పెట్టేసి, గుమ్మం వైపు ఒకసారి చూసి, గబగబా సేవ్ నొక్కింది.