ని, ఖా

చదివేవాళ్లు నా అక్షరాల తప్పులు మన్నించాలి. అరవై దాటాక నేర్చినవి, ఒక్కో పంక్తికీ ఒక పూట పడుతుంది. ఇందులో ఇంజను డ్రైవరు చెప్పింది కొంత, నేను ఎరిగింది కొంత, ఊహించుకున్నది కొంత.

ఆ రోజు మధ్యాహ్నానికి ఆరు గూడ్సు పెట్టెలు తగిలించాడు నెమ్మదయ్య. అసలు పేరు రైలు యార్డులో ఎవరికీ గుర్తులేదు. గూడ్సు పెట్టె దొర్లుకుంటూ వస్తుంటే చెయ్యెత్తి "నెమ్మది... నెమ్మదీ" అని ముప్పై నాలుగేళ్లుగా అరుస్తున్నాడు, ఆ అరుపే పేరైపోయింది. ఇంజను ఒక్క తోపు తోసి వదిలేస్తుంది. పెట్టె ఒంటరిగా వచ్చి, నిలబడి ఉన్న పెట్టెను గుద్దుతుంది. కొక్కెం పడుతుంది. అక్కణ్ణించి రెండూ కలిసి మెల్లగా నాలుగు బారలు పోయి ఆగుతాయి. అప్పుడాయన గుద్దుకున్న ఇనుము మీద అరచెయ్యి ఆనించి చూస్తాడు. గోరువెచ్చగా ఉంటుంది.

"ఏం మావా, జ్వరం చూస్తున్నావా?" ఇంజనులోంచి డ్రైవరు కేక.

"నీ నోటికి చూడాలి ముందు."

పెళ్లైన కొత్తలో ఈ పని గురించి భార్యకు ఒక్కసారే చెప్పాడు. "తోపు ఎక్కడికీ పోదే. ఒకటి తెచ్చిందాన్ని రెండూ పంచుకుంటాయి. బరువు రెండింతలు, వేగం సగం."

"మరి ఆ చప్పుడో?"

"చప్పుడూ వేడీ మటుకు పోయినట్టే. మళ్లీ రావు."

"అయితే మన పెళ్లే. నా మానాన నేను నిలబడుంటే మీరొచ్చి గుద్దారు," అందామె. ఆ నవ్వు ఆయనకు నెల రోజులు సరిపోయింది.

పెట్టె నిండుదైతే తలుపు మీద సుద్దతో 'ని' అనీ, ఖాళీదైతే 'ఖా' అనీ రాయాలి. అది చూసే డ్రైవరు ఎంత తోయాలో తోస్తాడు. గుర్తు తప్పితే ఎదురుగా ఉన్నవాడి ఎముకలు మిగలవు. నెమ్మదయ్య సుద్ద ఎన్నడూ తప్పలేదు. అన్నం తిన్నాక, నల్లబడ్డ క్యారేజీ మూత మీద కూడా 'ఖా' రాసి ఇంటికి తెచ్చేవాడు. చదువు రాని భార్య నేర్చుకున్నవి ఆ రెండు అక్షరాలే. మిగతావి రిటైరయ్యాక నేర్పుతానన్నాడు.

ఇంకా పదకొండు రోజులు.

వారం నుంచి గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంది. ముద్ద దిగడం లేదు. డాక్టరుకు చెబితే పట్టాల మీంచి తీసి కుర్చీలో కూర్చోబెడతారు, పదకొండు రోజులు కుర్చీలో కూర్చుని పోవడం ఆయనకు ఇష్టం లేదు. భార్యకు చెబితే డాక్టరుకు చెప్పినట్టే. అందుకని రోజూ అన్నం కుక్కలకు పెట్టి మూత మీద 'ఖా' అని రాస్తున్నాడు. ఆరు రోజులు, ఆరు అబద్ధాలు. పొద్దున ఆమె క్యారేజీ చేతికిస్తూ "ఏంటలా పాలిపోయారు?" అంది. "ఎండ" అన్నాడు. ఏడో అబద్ధం.

ఇవాళ కూడా తూము పక్కన కూర్చుని క్యారేజీ తెరిచాడు. కుక్కలు లేచి వచ్చాయి. చాలాసేపు చూసి మళ్లీ మూత పెట్టేశాడు. జేబులోంచి సుద్ద తీసి, నిదానంగా ఒక అక్షరం రాశాడు. ఇంటికెళ్లాక ఆమె అడుగుతుంది. చెప్పేయాలి. ఆ మాట అనుకోగానే గుండెల మీద బరువు కాస్త దిగినట్టనిపించింది.

సాయంత్రం ఏడో పెట్టె. తగిలింది, కొక్కెం పడింది, రెండూ కదిలి ఆగాయి. చెయ్యి ఆనించి చూశాడు. అక్కడే ఒక దిమ్మె మీద కూర్చున్నాడు.

"మావా, ఇంకోటి వదల్నా?"

నెమ్మది అనే కేక రాలేదు. డ్రైవరు మళ్లీ అడిగాడు. తర్వాత ఇంజను ఆపేసి దిగాడు.

చీకటి పడకముందే డ్రైవరు నెమ్మదయ్య ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు. ఎలా చెప్పాలో దారంతా కూడబలుక్కుని వచ్చినవాడు, చెయ్యి మాత్రం ముందుకు చాచాడు. చేతిలో క్యారేజీ ఉంది. ఆమె దాన్ని అందుకుంది. చెయ్యి ఒక్కసారి కిందికి దిగింది, బరువుగా ఉంది. మూత వైపు చూసింది. తనకు వచ్చిన రెండు అక్షరాల్లో అది 'ఖా' కాదు.

ఇట్లు,
నెమ్మదయ్య ఇంటావిడ. వయసు డెబ్బై రెండు. ఉండేది చెల్లెలింట, వెనక గదిలో. ఆ గదిలో కిటికీ గట్టు మీద ఒక క్యారేజీ మూత ఉంది. దాన్ని ఎవరూ తుడవరు.