ఊయల బోర్డులో లేని తప్పు

ఆ కంపెనీలో సర్క్యూట్ బోర్డులు గీసే ఆవిడను అందరూ డేగకన్ను అని పిలిచేవారు. బిడ్డ ఏడిస్తే తనంతట తానే ఊగే ఊయల కోసం ఆవిడ కొత్త బోర్డు గీసింది. తయారీకి ఆర్డరు పెట్టేముందు ఒక్కో తీగ వెంటా వేలుపెట్టి తప్పుల కోసం వెదికింది. అసలు కొలతలో కాగితం మీద అచ్చుతీసి, దాని మీద విడిభాగాలు పేర్చి, వాటి లోహపు కాళ్ళు రంధ్రాల గుర్తులకు సరిపోతున్నాయో లేదో చూసింది. కంప్యూటరు కూడా తనిఖీ చేసి ‘తప్పులు: సున్నా’ అని తేల్చింది.

ఆ సున్నాను చూసి యజమాని ముఖం మాడ్చుకున్నాడు.

“సున్నా ఏంటమ్మా?”

“బాగా చూశానండి. ఏమీ లేవు.”

“లేకపోవడమేంటి? కిందటి బోర్డులో ప్లస్సూ మైనస్సూ మారిపోయాయి. అంతకుముందు దాంట్లో స్క్రూకి చోటే లేదు. తప్పు లేని బోర్డుంటుందా? ఉంది, మనకి దొరకలేదు. దొరికేదాకా ఆర్డరు మాట ఎత్తకు.”

ఇక లేని తప్పు కోసం వేట మొదలైంది. సామాన్ల గది గుమస్తా భూతద్దం తెచ్చుకున్నాడు. లెక్కలు చూసే ఆయన కాగితాన్ని తలకిందులు చేసి, “ఇలా చూస్తే మాత్రం ఏదో అనుమానంగానే ఉంది,” అన్నాడు. డ్రైవరు ఒక మచ్చను పట్టుకుని సంబరపడిపోయాడు గానీ, అది అతని టీ చుక్కే. డేగకన్నుకు తిండి సహించలేదు. తప్పులు చేసినప్పుడు కూడా ఆవిడ ఇన్ని మాటలు పడలేదు.

బట్టలు కుట్టే అక్క దగ్గరికి వెళ్ళి గోడు వెళ్ళబోసుకుంది.

“ఓసి పిచ్చిదానా! నా దగ్గరికీ ఒకావిడ వస్తుంది. వంక పెట్టనిదే బట్టలు పట్టుకెళ్ళదు. అందుకే ఒక గుండీ వదులుగా వదిలేస్తా. అది పట్టుకుని నన్ను నాలుగు దులిపి, నవ్వుకుంటూ పోతుంది. నువ్వూ ఓ గుండీ వదిలెయ్యవే!”

ఆ మాట డేగకన్ను తలకెక్కింది. ఏడుపు వినే చిప్పుకు వెళ్ళే రెండు తీగలను తారుమారు చేసింది. కంప్యూటరు గోల పెట్టకుండా, అది బోర్డును పోల్చి చూసుకునే మూలచిత్రంలోనూ అలాగే మార్చింది. ఇప్పుడు బిడ్డ ఊరుకుంటే ఊయల ఊగుతుంది, ఏడిస్తే ఆగిపోతుంది. ఇంత పెద్ద తప్పు యజమానికి ఇట్టే దొరుకుతుందనుకుంది.

ఆయన కాగితం మీద వేలితో వెతుక్కుంటూ వచ్చాడు. వేలు సరిగ్గా ఆ తీగల మీదికి వచ్చింది. వేలు వాటిని దాటిపోయి ఒక మూల ఆగింది.

“ఇదిగో! కంపెనీ పేరు వంకరగా ఉంది! నేను చెప్పలా?”

పేరు తిన్నగా దిద్దించి సంతకం పెట్టేశాడు.

ఆవిడ కాగితానికి చెయ్యి అడ్డుపెట్టింది. “అయ్యా, ఇంకో తప్పుందండి. నేనే పెట్టాను.”

“ఎందుకూ?”

“మీరు పట్టుకుంటారని.”

ఆయన జాలిగా చూశాడు. “నేను పట్టుకోలేదంటే అది లేనట్టే కదమ్మా. మొన్నేమో ఉంటే లేదన్నావు, ఇవాళ లేకపోతే ఉందంటున్నావు. బాగా అలిసిపోయావు. ఇంటికెళ్ళి పడుకో.”

ఆర్డరు ఆయనే స్వయంగా పంపేశాడు.

బోర్డులు వచ్చాయి. మొదటి ఊయల ఆయన ఇంటికే, నెలల పిల్ల అయిన మనవరాలి కోసం వెళ్ళింది. మర్నాడు డేగకన్ను తిట్లు తినడానికి సిద్ధపడి వచ్చింది. యజమాని మాత్రం చేతులు జోడిస్తూ ఎదురొచ్చాడు.

“నెత్తిన పాలు పోశావు తల్లీ! మా పిల్లకి ఊగడమంటే గిట్టదని ఎవరికీ తెలీలేదు. ఏడిస్తే ఊపుతున్నాం, ఊపితే ఏడుస్తోంది. రాత్రి కేరుమంది, ఊయల ఆగిపోయింది, పిల్ల పడుకుంది. అది మళ్ళీ ఊగబోయినప్పుడల్లా పిల్ల నిద్రలోనే ఒక్క అరుపు అరవడం, అంతే, టక్కున ఆగడం. ఇంట్లో దాని మాట వినేది ఆ ఊయలొక్కటే! వెంటనే పెద్ద ఆర్డరు పెట్టేద్దాం.”

పొగడ్త తీయగానే ఉంది గానీ, తక్కిన ఇళ్ళలోని పసివాళ్ళు ఆవిడ కళ్ళ ముందు మెదిలారు.

“అందరు పిల్లలూ మీ మనవరాల్లా ఉండరండి. ఎటు కావాలంటే అటు మార్చుకునేలా ఒక మీట పెడదాం.”

“అయితే మళ్ళీ గీయాలా?”

“గీయాలండి. మళ్ళీ చూడాలి కూడా.”

ఆవిడ మళ్ళీ గీసింది. ఈసారి తనిఖీలో నిజంగానే రెండు తప్పులు దొరికాయి, రెండూ ఆవిడవే. సిగ్గుతో తల దించుకుని యజమానికి చూపించింది. ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఆ పూట ఆఫీసంతటికీ సెలవిచ్చేశాడు.