నాలో లేని గడి

నేను ఒక సర్వే ఫారాన్ని. నాకు కాగితం లేదు, సిరా లేదు. ఫోనులో నీలం అక్షరాల గీతగా కనిపిస్తాను. ఆ గీత నొక్కితే తెరుచుకుంటాను. నాలో పదమూడు ప్రశ్నలు. ప్రతి ప్రశ్న పక్కనా ఎర్ర చుక్క. చుక్క ఉన్నచోట జవాబు చెప్పందే మిగతావీ తీసుకోను. బతిమాలినా అంతే.

నన్ను తయారుచేసింది నవనీత. హనుమకొండలో ఎం.ఏ. సోషియాలజీ చివరి ఏడు. పల్లె కుటుంబాల్లో వంటపని మీద పరిశోధన. నా ఏడో ప్రశ్న: 'మీ ఇంట్లో రోజూ వంట ఎవరు చేస్తారు?' దాని కింద నాలుగు గడులు: తల్లి, భార్య, కోడలు, పనిమనిషి. గైడు సారు కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివాడు. 'వండుతారు' అని ఉన్నదాన్ని 'చేస్తారు' అని దిద్దాడు. బాగుందని సంతకం పెట్టాడు.

శుక్రవారం సాయంత్రం ఐదులోగా నూటయాభై జవాబులు రావాలి. ఒక్కటి తగ్గినా ఈ ఏడు పట్టా లేదు. పట్టా లేకపోతే జనగామలో ఒక సంస్థ ఇస్తానన్న ఉద్యోగమూ లేదు. నవనీత తండ్రికి చూపు మందగించి మగ్గం దిగి ఏడాదైంది. ఆ ఇల్లు ఆ ఉద్యోగం కోసమే ఎదురుచూస్తోంది.

సోమవారం నుంచి నాకు నిలకడ లేదు. పదో తరగతి గ్రూపులో పడ్డాను. అక్కడి నుంచి కులసంఘం గ్రూపుకు, అక్కడి నుంచి ఊరి గ్రూపుకు. ఊరి గ్రూపులో రెండు వందల పన్నెండు మంది. నలభై మంది బొటనవేలు చూపించారు. పంతొమ్మిది మంది దండాలు పెట్టారు. ఐదుగురు 'డన్ అక్కా' అని రాశారు. నన్ను తెరిచింది మాత్రం ఆరుగురు. 'డన్' అన్నవాళ్ళలో ఒక్కరూ ఆ ఆరుగురిలో లేరు. ఎవరొచ్చారో నాకు తెలియదా?

గంట గంటకూ నవనీత వచ్చి లెక్క చూసుకునేది. ముప్పై ఎనిమిది. ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. మళ్ళీ పంపేది.

మంగళవారం ఊరి గ్రూపులో ఒకాయన గొంతు రికార్డు చేసి పెట్టాడు. "గీ సర్వే నింపితే పింఛన్ కట్ గాదు గదా?"

"సర్వే అంటే గవర్నమెంటోళ్ళే. ఇంట్ల బండి లేదని రాయుండ్రి," అన్నాడు ఇంకొకాయన.

"అండ్ల బండి ముచ్చట లేదు బావా. వంట ముచ్చట."

"వంటతోని గవర్నమెంటుకేం పని? గ్యాసు పైసలు ఎగ్గొట్టనీకె."

"నింపకపోతే పేరే తీసేస్తరట."

ఆ ఒక్క పూటలో యాభై మంది నింపారు. చదువుకునే పిల్లకు సాయం అంటే కదలనివాళ్ళు, పేరు పోతుందంటే పరుగెత్తుకొచ్చారు.

నన్ను తెరిచి ఉంచినంతసేపు నేనూ ఆ ఇంట్లోనే ఉంటాను. తొమ్మిదో ప్రశ్న: 'వంట బాగా కుదరని రోజు మీరేం చేస్తారు?' దాని కింద మూడు గడులు: ఏమీ అనకుండా తింటాను, నవ్వి ఊరుకుంటాను, కోప్పడతాను. ఒకాయన బొటనవేలితో 'నవ్వి ఊరుకుంటాను' నొక్కుతూనే లోపలికి అరిచాడు, "చాయ్ అడిగి ఎంతసేపాయె? చెవులు పోయినయా?"

నలభై ఒక్క మంది ఆడవాళ్ళూ నింపారు. ఒకావిడ ఏడో ప్రశ్న దగ్గర కాసేపు ఆగింది. "నేను గీ ఇంటి కోడల్నే గదా," అనుకుని ఆ గడి నొక్కింది. మిగతావాళ్ళు అలాగే తమను తాము భార్యలో, తల్లిలో వెతుక్కున్నారు. 'నేనే' అనే గడి ఏదని ఒక్కరూ అడగలేదు.

శుక్రవారం నాలుగు గంటలకు నూటనలభై తొమ్మిది. ఇక అడగనివాళ్ళు ఎవరూ మిగల్లేదు. నవనీత తనకు పెదనాన్న వరసయ్యే ఉప్పలయ్యకు ఫోను చేసింది. ఆర్టీసీ డ్రైవరుగా రిటైరైన మనిషి. భార్య సోమక్క పోయాక ఒక్కడే ఉంటున్నాడు. ఎవరి గడపా తొక్కడు. పిల్ల అడిగింది కాబట్టి నన్ను తెరిచాడు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. ఏడో ప్రశ్న దగ్గర ఆగి నవనీతకు ఫోను చేశాడు.

"ఏడు కాడ ఆగింది బిడ్డా. ఎవరు వండుతరని అడుగుతాంది. నేనే వండుకుంట. అండ్ల నేనేడ ఉన్న?"

నవనీత నన్ను తెరిచి చూసింది. ఐదు రోజుల్లో నన్ను మూడు వందల సార్లు పంపింది. ఒక్కసారి కూడా చదవలేదు.

"మర్చిపోయిన పెద్దబాపూ."

"మీ సారు చూడలే?"

"చూసిండు."

"ఆయనకు వండిపెట్టేటామె ఉన్నట్టుంది."

"సంతకమయినంక గడి మార్చద్దన్నడు. ఏదో ఒకటి ఒత్తుండ్రి. ఇరవై నిమిషాలే ఉంది."

"ఏదో ఒకటంటే? మీ పెద్దమ్మ పోయి మూడేండ్లాయె. సచ్చినామె లేసొచ్చి వండుతాందని నీ పుస్తకంల రాస్తవా?"

"వద్దు పెద్దబాపూ," అంది నవనీత. "మీరన్నదే నిజం. ఇడిసిపెట్టుండ్రి." ఫోను పెట్టేసింది.

ఉప్పలయ్య నన్ను మూయలేదు. అన్నం కుతకుతలాడి గంజి పొంగింది. లేవలేదు. నాలుగూ యాభై రెండుకు 'భార్య' నొక్కాడు.

ఇక ఆ తర్వాత మనిషి ఆగలేదు. వంటలో సాయం చేస్తారా? లేదు. వండినవారు ఎప్పుడు తింటారు? అందరూ తిన్నాక. తొమ్మిదో ప్రశ్నను మాత్రం చివరికి వదిలాడు. వేలు 'నవ్వి ఊరుకుంటాను' మీద చాలాసేపు ఆడింది. తర్వాత కిందికి జరిగి 'కోప్పడతాను' నొక్కింది.

పదమూడో ప్రశ్న: 'ఇంకేమైనా చెప్పదలచుకున్నారా?' అందరూ 'ఏమీ లేదు' అనో, 'ఆల్ ది బెస్ట్' అనో రాశారు. ఆయన ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టాడు. 'పల్లెం ఇసిరికొట్టిన. అది నీ గడులల్ల లేదు.'

నాలుగూ యాభై ఏడు. నూటయాభై. అన్నం మాడిన వాసన ఇల్లంతా కమ్మింది.

నవనీత ఆ చివరి జవాబు సంగతి సారుకు ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన విసుక్కున్నాడు. "సంఖ్య సరిపోయింది గదా, ఉండనీ. మగవాళ్ళు నూట తొమ్మిది మంది. అందులో కోప్పడేవాడు ఒక్కడు. ఒక్కడి గురించి వ్యాఖ్యానం అక్కర్లేదు." మిగతా నూట ఎనిమిది మంది నవ్వో, నోరు మూసుకునో తినేవాళ్ళని పుస్తకంలోకెక్కింది. ఆమెకు పట్టా వచ్చింది. ఉద్యోగమూ వచ్చింది.

ఐదింటికే నన్ను మూసేశారు. ఇప్పుడు నా దగ్గర ఒక్క వాక్యమే ఉంది: 'ఈ ఫారం ఇక జవాబులు తీసుకోదు.' ఎవరూ రారు. ఒక్క ఫోనులో మాత్రం ఇంకా తెరుచుకుంటాను, రోజూ సాయంత్రం ఐదింటికి కాస్త ముందు. ఏం దిద్దుకోవాలని వస్తాడో నాకు తెలియదు. ఆ వాక్యం చదివి కూడా మూయడు. బియ్యం కడగడానికి లేచేదాకా అలాగే పట్టుకుని కూచుంటాడు.