చైనుకు చుక్క, రిమ్ముకు మెరుగు

టైలరుకు ఒక జబ్బుంది. చేతిలో ఉన్న గుడ్డపీలికలో ఇంకా కాస్త పని మిగిలి ఉందనిపిస్తే చాలు, దాన్ని పారెయ్యలేడు. ఆ జబ్బుకు మందు లేదు, ఇంట్లో నర్సు ఉన్నా సరే.

నర్సంటే వాళ్ళావిడే. ఇళ్ళకు వెళ్ళి కట్లు మార్చి, సూదులు వేసి వచ్చే నర్సు. భుజాన సంచీ, కింద సైకిలు. పన్నెండేళ్ళుగా ఆ సైకిలే ఆవిడకు కాళ్ళు. అలాంటి సైకిలును పట్టుకుని, నాలుగు రోజుల కిందట, భోజనానికి వచ్చిన ఆవిడ అన్నగారి ఎదుట మన మహానుభావుడు ఒక మాట అన్నాడు.

"ఆ డొక్కు సైకిలు పాత ఇనుముకి అమ్మేసి ఇంట్లో కూర్చోవే అంటే వినదు బావగారూ. ఈవిడ వెళ్ళకపోతే ఊళ్ళో పుళ్ళు మానవట!"

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అన్నారా? అన్నగారు పకపకా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. ఆ పూట నుంచి ఇంట్లో మాటలు బంద్. ఏదైనా చెప్పక తప్పకపోతే ఆవిడ గోడకు చెప్పేది: "గోడా, వడ్డించాను, చల్లారిపోతోంది." ఈయనేమైనా తక్కువ తిన్నాడా? కుట్టుమిషనుతో అనేవాడు: "మిషనూ, నాకు ఆకలి లేదు." లేకపోవడమేమిటి, కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. అయినా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు!

అయిదో రోజు పొద్దున ఇక ఆయన వల్ల కాలేదు. ఆవిడ మాటలు లేని ఇల్లు ఆయనకు ఇల్లులా లేదు. తప్పయిందని చెప్పడానికి నోరు రాలేదు గానీ చేతులు వచ్చాయి. సైకిలును వరండాలోకి తెచ్చి, పాత గోనెపట్టా మీద తలకిందులుగా నిలబెట్టాడు.

ముందు తడిగుడ్డతో బురదంతా తుడిచాడు. తర్వాత గిన్నెలో కాస్త కిరసనాయిలు పోసుకుని, అరిగిపోయిన పళ్ళ బ్రష్షు ముంచి, చైను లింకు లింకునూ తోమాడు. ఎన్నాళ్ళ మట్టో, నల్లగా ముద్దలు ముద్దలుగా ఊడింది. పళ్ళచక్రం సందుల్లో ఇరుక్కున్న దాన్ని సూదిమొనతో గీకాడు. పొడిగుడ్డతో తుడిచి, అరగంట ఆరనిచ్చాడు. ఆపైన గుడ్డ మీద గీసే సుద్దముక్కతో ఒక లింకు మీద గుర్తు పెట్టి, పెడలును మెల్లగా తిప్పుతూ, మిషనుకు వేసే పొడుగుముక్కు డబ్బాతో లింకుకు ఒక్కో చుక్క వేశాడు. గుర్తు మళ్ళీ పైకి రాగానే ఆపాడు. రెండో చుక్క వేస్తే దుమ్మును పిలిచి పీట వేసినట్టేనని ఆయనకు తెలుసు. నూనె లోపలుండాలి, పైన కనిపించకూడదు. అందుకే చివర్న పీలికతో చైనును పట్టుకుని, పెడలు తిప్పి, పైపై నూనెంతా తుడిచేశాడు. చైను చప్పుడు లేకుండా తిరిగింది.

బాబూ, అక్కడితో ఆగొచ్చు కదా! ఆగలేదు. చేతిలో పీలిక ఇంకా చెమ్మగా ఉంది. ఎదురుగా రెండు చక్రాల రిమ్ములు వెలవెలబోతున్నాయి. పారేస్తే దండగ కదా అనుకుని, ఆ పీలికతోనే రిమ్ములు రెండూ రుద్ది రుద్ది తళతళలాడించాడు. తన పనికి తానే మురిసిపోయాడు.

పది గంటలకు ఆవిడ సంచీ భుజాన వేసుకుని వరండాలోకి వచ్చింది. ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా ఒకసారి చూసింది.

"గోడా, బాగానే తుడిచారు," అంది. సైకిలు నడిపించుకుంటూ వెళ్ళిపోయింది.

ఆయనకు ప్రాణం లేచివచ్చింది. ఇవాళ గోడ, రేపు నేను అనుకుంటూ మిషను ముందు కూర్చున్నాడు. చొక్కా చెయ్యి కుడుతూ, గుర్తు దగ్గర ఆపడానికి అలవాటుగా మిషను చక్రం మీద అరచెయ్యి ఆనించాడు. చక్రం ఆగలేదు. అరచేతి కింద జర్రున జారి, కుట్టు గుర్తు దాటి బెత్తెడు పోయింది.

ఛ, అనుకుని చెయ్యి చూసుకున్నాడు. నూనె. నూనె ఉంటే చక్రం ఆగదు. బ్రేకు రబ్బర్లు పట్టుకునేది రిమ్మునే.

వీధి చివర ఏటవాలు, దాని కింద బస్సులు తిరిగే రోడ్డు! మెడలో టేపుతో, కాళ్ళకు చెప్పులైనా లేకుండా పరుగు లంకించుకున్నాడు.

"ఏమన్నా, కొలతలు మర్చిపోయావా?" అని మంగలి కొట్టులోంచి ఎవరో అరిచారు. జవాబు చెప్పే ఊపిరి ఎక్కడిది?

ఏటవాలు దగ్గరకు వచ్చి చూస్తే, సగం దిగువన ఆవిడ సైకిలు పట్టుకుని నడిచి దిగుతోంది.

"ఆగవే! ఎక్కకు, ఎక్కకు! బ్రేకు పడదు!"

ఆవిడ ఆగి వెనక్కి తిరిగింది. ఆయన రొప్పుతూ వెళ్ళి హ్యాండిలు పట్టుకున్నాడు.

"తెలుసు. గుమ్మంలోనే నొక్కి చూశాను," అంది.

"తెలిస్తే ఒక్క మాట చెప్పొద్దూ! గోడకైనా చెప్పొచ్చుగా!"

ఆవిడ సంచీని భుజం మీదికి సర్దుకుంది. తర్వాత నెమ్మదిగా అంది. "చెబితే ఏం లాభమనుకున్నాను. బ్రేకులు పోగొడితే ఇంట్లో కూర్చుంటానని, మీరే కావాలని చేశారనుకున్నాను."

ఆయనకు, పొద్దున్నుంచి లింకు లింకునూ తుడిచిన మనిషిని అంత మాట అంటుందా అని కోపం రాబోయింది. రాలేదు. అలా అనుకునేలా చేసింది తనే. నాలుగు రోజులుగా ఈవిడ ఏం మోస్తోందో అప్పుడు తెలిసొచ్చింది.

"నీ మీద ఒట్టు, అది బుద్ధి తక్కువే గానీ దుర్బుద్ధి కాదు. ఆ రోజు అన్న మాట తప్పు. నువ్వు ఇంట్లో కూర్చుంటే ఈ ఊరి సంగతి ఏమో గానీ, నేను పిచ్చివాణ్ణయిపోతాను."

ఆవిడ సంచీలోంచి స్పిరిట్టు సీసా, దూది తీసి చేతికిచ్చింది. ఆయన రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని, రిమ్ములు, రబ్బర్లు తుడిచాడు. దూది తెల్లగా వచ్చేదాకా మార్చి మార్చి తుడిచాడు. ఆవిడ బ్రేకు నొక్కి, సైకిలును ముందుకు తోసి చూసింది. చక్రం కదల్లేదు.

"ఆ మాట మా అన్నయ్య ముందు అన్నారు. వెనక్కి తీసుకునేదీ ఆయన ముందే," అంది.

"రేపే భోజనానికి పిలుస్తాను."

"రేపు వద్దు, నాకు కట్లు ఎక్కువున్నాయి. ఎల్లుండి పిలవండి. నేనూ ఉండాలి, వినాలి."

సీటెక్కి దిగువకు సాగిపోయింది. ఆయన ఊపిరి బిగబట్టి చూస్తూ నిలబడ్డాడు. బస్సు రోడ్డుకు నాలుగడుగుల ఇవతల సైకిలు ఆగింది. ఆవిడ ఒక కాలు నేల మీద ఆనించి, వెనక్కి తిరిగి, అందరూ వినేలా గొంతెత్తి అరిచింది.

"ఏమండీ! కాళ్ళకు చెప్పుల్లేవు, నీడలో నడిచి వెళ్ళండి!"